తంతి పటము నుండి తెరపటము దాక

మాటను దూరమునకు పంపుట ఒక సమస్య. కంటికి కనబడుచున్న దానిని ఉన్నదున్నట్లుగా దూరమునకు పంపుట మఱియొక సమస్య. మొదటిదానికొఱకు మనుష్యుడు తంతిని, టెలిఫోనును, రేడియోను కనిపెట్టెను. వానిని గుఱించి శ్రోతలు చాల విని యుందురు. రెండవదాని కథ అంతగా ప్రచారములో లేదు. అయినను నేడు అది మన యిండ్లలో దినమునకు పదిమార్లు జరుగుచున్న పని. పరీక్షా ఫలితము తెరపై కనబడగానే పిల్లవాడు ఒక మీట నొక్కి ఆ తెరనంతయు బొమ్మగా పట్టుకొనును. మఱియొక మీట నొక్కి దానిని హైదరాబాదులోని మేనమామకో, అమెరికాలోని అన్నకో పంపును. దానికి స్క్రీన్‌షాటు అని వ్యవహారము. మనము తెరపటము అని చెప్పుకొనవచ్చును. పట్టుట, పంపుట, అవతలివారు చూచుట, ఈ మూడును కలిపినను కొలది సెకండ్ల పని.

ఈ కొలది సెకండ్ల వెనుక నూటయెనుబది సంవత్సరములకు పైబడిన చరిత్ర కలదు. అందులో వేగము పెరిగిన తీరు ఒక యెత్తు. పంపెడి వస్తువే మాఱిపోయిన తీరు మఱియొక యెత్తు. పూర్వము మనుష్యులు బొమ్మను పంపిరి. నేడు మనము తఱచుగా పంపుచున్నది బొమ్మ కాదు, బొమ్మ యున్న చోటి చిరునామా. ఈ మార్పు ఎట్లు వచ్చినది? దానివలన కలిగిన సౌకర్యమేమి? దానికి మనము చెల్లించుచున్న వెల యేమి? ఈ మూడు ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయము.

కథ ఒక గడియారముల పనివానితో ఆరంభమగుచున్నది. స్కాట్లండు ఉత్తర భాగమున ఒక చిన్న రైతు కుటుంబములో పుట్టిన అలెగ్జాండరు బెయిన్ గడియారముల పని నేర్చి లండను చేరెను. 1843లో అతడు పొందిన పేటెంటులో విద్యుత్తుతో నడచు గడియారముల ప్రసక్తితోపాటు, తంతిమీద ప్రతిరూపమును పంపెడి ఒక సాధనము గూడ వర్ణింపబడినది. అతని యాలోచన యిది: ఇచట ఒక లోలకము, అచట ఒక లోలకము ఊగుచుండును. ఇచటి లోలకమునకు కట్టిన సూది లోహపు అక్షరములపై గీత వెంబడి గీతగా కదలును. లోహము తగిలినపుడు విద్యుత్తు ప్రవహించును, తగలనపుడు ఆగును. అచటి లోలకమునకు కట్టిన సూది, రసాయనములో తడిపిన కాగితముపై అదే విధముగా కదలును. విద్యుత్తు వచ్చినచోట కాగితము రంగు మాఱును. ఈ గీతలన్నియు చేరి అక్షరముల ప్రతిరూప మగును.

ఇందులో రెండు సూత్రములు కలవు. బొమ్మను సన్నని గీతలుగా విడదీసి ఒకదానివెంట నొకటిగా పంపుట మొదటిది. పంపువారును అందుకొనువారును ఒకే లయలో నడచుట రెండవది. లోలకములలో ఒకటి ఏమాత్రము వెనుకబడినను బొమ్మ వంకరపోవును. ఈ యూహ గడియారముల పనివానికి తోచుటలో వింత యేమియు లేదు. కాలమును కలిపి నడపుటయే గదా అతని వృత్తి. నేటి కంప్యూటర్లలో లోలకములు లేవు. అయినను ఆ రెండు సూత్రములును నేటికిని నిలిచియే యున్నవి.

బెయిన్ సాధనము ప్రజల వాడుకలోనికి రాలేదు. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనములో ఫ్రెడరిక్ బేక్‌వెల్ అను ఇంగ్లీషువాడు, గుండ్రముగా తిరుగు స్తంభమునకు తగరపు రేకు చుట్టి, దానిపై వ్రాసిన వ్రాతను తంతి ద్వారా పంపి చూపెను. ప్రజల కుపయోగపడు సేవగా దీనిని నడపిన కీర్తి మాత్రము ఇటలీలోని సియెనా నగరమున జన్మించిన జొవాన్ని కసెల్లి అను మతాచార్యునిది. అతడు పారిసులో గుస్తావ్ ఫ్రొమాన్ అను యంత్రశిల్పి సాయమున రెండు మీటర్ల యెత్తుగల యినుప యంత్రమును నిర్మించి, దానికి పాంటెలిగ్రాఫు అని పేరు పెట్టెను. మూడవ నెపోలియను చక్రవర్తి ఆదరించెను. 1865లో పారిసు, లియోను నగరముల మధ్య సేవ ఆరంభమైనది. పంపదలచినవారు విద్యుత్తును ప్రసరింపనీయని సిరాతో తగరపు రేకుపై తమ చేతివ్రాతను వ్రాసి యిచ్చెడివారు. అవతల కాగితముపై అది నీలి గీతలుగా తేలెడిది. దీనిని ముఖ్యముగా వాడుకొన్నది బ్యాంకులు. సంతకము నిజమైనదా కాదా యని సరిచూచుకొనుట వారి యవసరము. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల యుద్ధము వచ్చుటతో ఈ సేవ నిలిచిపోయినది.

ఇచట ఒక సంగతిని గుర్తుంచుకొనవలెను. పారిసులో మూలము, లియోనులో ప్రతి. రెంటి నడుమ తీగ తప్ప మఱేమియు లేదు. బొమ్మను దాచుకొనువాడు నడుమ ఎవడును లేడు. ఈ విషయము తరువాత మనకు అక్కఱకు వచ్చును.

చేతివ్రాత గీతలతో కూడినది గనుక పంపుట సులభము. వెలుగునీడలతో కూడిన ఫొటోగ్రాఫు సంగతి వేఱు. వెలుతురు పడినపుడు సెలీనియము అను ధాతువులో విద్యుత్ప్రసారము పెరుగునని 1873లో విలోబీ స్మిత్ ప్రకటించెను. దాని నాధారముగా గొని ఆర్థర్ కోర్న్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1904లో మ్యూనిక్, న్యూరెంబర్గుల మధ్య తీగపై ఫొటోను పంపెను. 1935 జనవరి 1వ తేదీన అమెరికాలో అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ తన తంతి ఫొటో సేవను ప్రారంభించెను. న్యూయార్కు రాష్ట్రములోని కొండలలో కూలిన ఒక విమానపు చిత్రము ఆనాడు 25 రాష్ట్రములలోని 47 పత్రికలకు ఒక్కసారిగా చేరినది. అంతవఱకు రైళ్లలోను విమానములలోను ప్రయాణము చేసిన వార్తాచిత్రము ఆనాటినుండి వార్తతో సమానముగా పరుగెత్త మొదలిడినది.

తరువాత వంతు కార్యాలయములది. 1966లో జెరాక్సు సంస్థ, మామూలు టెలిఫోను తీగపై ఆరు నిమిషములలో ఒక పుటను పంపెడి యంత్రమును అమ్మకమునకు పెట్టెను. ఒక తయారీదారుని యంత్రము మఱియొకని యంత్రముతో మాటాడజాలకపోవుట ఆ దినములలో పెద్ద యిబ్బంది. బెయిన్ లోలకముల సమస్యయే కొత్త రూపమున తల యెత్తినది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము వరుసగా ప్రమాణములను నిర్ణయించెను. 1980లో వెలువడిన మూడవ వర్గపు ప్రమాణముతో ఒక పుట సుమారు ఒక నిమిషములో పోవుటయే కాక, ఏ దేశపు యంత్రమైనను ఏ దేశపు యంత్రముతోనైనను పొత్తు కలియుట సాధ్యమైనది. అటుపిమ్మట ఫ్యాక్సు యంత్రము లేని కార్యాలయము అరుదైపోయినది.

ఇక కంప్యూటరు ప్రవేశించుచున్నది. 1957లో అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థలో పనిచేయుచున్న రసెల్ కిర్ష్ తన మూడు నెలల కుమారుని ఫొటోను కంప్యూటరునకు చూపెను. యంత్రము దానిని నిలువున 176, అడ్డమున 176 చుక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క చుక్కను నలుపో తెలుపో నిర్ణయించి అంకెగా వ్రాసికొనెను. మొత్తము 30,976 చుక్కలు. బెయిన్ బొమ్మను గీతలుగా విడదీసెను. కిర్ష్ చుక్కలుగా విడదీసెను. అంకెలైన బొమ్మను ఎన్నిమార్లు ప్రతి తీసినను మాయదు.

అంకెలను ఒక కంప్యూటరునుండి మఱియొకదానికి పంపుటకు ఉభయులకు నచ్చిన నియమావళి కావలెను. దానిని మొదట వ్రాసినవాడు భారతీయుడగుట మనకు సంతోషము కలిగించెడి విషయము. కాన్పూరు ఐ.ఐ.టి. మొదటి జట్టు విద్యార్థులలో ఒకడై 1965లో పట్టము పొందిన అభయ్ భూషణ్, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదువుచున్న కాలమున, 1971 ఏప్రిల్ 16వ తేదీన ఫైళ్లను పంపు నియమావళి నొకదానిని ప్రచురించెను. ఎఫ్.టి.పి. అను పొడియక్షరముల పేరితో అది ప్రసిద్ధమైనది. ఫైలు అనగా అంకెలుగా దాచిన ఏ వస్తువైనను కావచ్చును: ఉత్తరము, లెక్క, పటము, పాట. ఎవరు అడుగుచున్నారు, ఏ ఫైలు కావలెను, దానిని అక్షరములుగా చదువవలెనా లేక ఉన్న అంకెలను ఉన్నట్లే తీసికొనవలెనా, ఇట్టి ప్రశ్నలకు రెండు యంత్రములును ఒకే విధమున బదులు చెప్పుకొనవలెను. లోలకముల లయకు బదులు ఇపుడు మాటల మర్యాద యేర్పడినది.

తెరపటము మాత్రము ఇంకను పుట్టలేదు. కంప్యూటరు తెరను చూపదలచినవారు కెమేరాను ఎదుట నిలిపి ఫొటో తీసికొనెడివారు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన సొంత కంప్యూటరు మీటల పలకపై ‘ప్రింట్ స్క్రీన్’ అను మీట యొకటి యుండెను. తెరపై నున్న అక్షరములను అచ్చు యంత్రమునకు పంపి కాగితముపై దింపుట దాని పని. తరువాతి కాలమున అదే మీట తెర బొమ్మను కాగితమునకు గాక కంప్యూటరు జ్ఞాపకములోనికే పంప నారంభించెను. కాగితము తొలగిపోయినది, పేరు మాత్రము నిలిచినది.

తెరపటము సాధారణ ఫొటో వంటిది కాదు. అందు సన్నని యక్షరములు, పదునైన గీతలు ఉండును. ఫొటోలకొఱకు 1992లో స్థిరపడిన జేపెగ్ అను పద్ధతి, కంటికి తెలియని వివరములను విడిచిపెట్టి ఫైలును చిన్నది చేయును. ఆ పద్ధతిలో అక్షరముల అంచులు మసకబాఱును. ఒక్క చుక్కయు పోకుండ మడిచి పెట్టెడి పద్ధతి కావలెను. 1987 నాటి గిఫ్ అను పద్ధతి అట్టిదే గాని, అందులోని ఒక లెక్కపై పేటెంటు ఉన్నదనియు, దానిని వాడు సాఫ్ట్‌వేరులకు రుసుము చెల్లింపవలెననియు 1994 డిసెంబరు చివర ప్రకటన వెలువడినది. కొలది దినములలోనే, 1995 జనవరిలో, కొందఱు నిపుణులు తమంత తాము పూనుకొని ఎవరికిని రుసుము చెల్లింపనక్కఱలేని కొత్త పద్ధతిని రూపొందింప మొదలిడిరి. 1996లో పూర్తియైన ఆ పద్ధతి పేరు పి.ఎన్.జి. నేడు తెరపటములలో పెక్కు భాగము ఈ రూపముననే దాచబడుచున్నవి.

పట్టుట కుదిరినది. పంపుట యెట్లు? ఎలక్ట్రానిక్ ఉత్తరము మొదట అక్షరములను మాత్రమే మోయగలిగెడిది. నతానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అను నిపుణులు ఉత్తరమునకు ఫైళ్లను జతపఱచు పద్ధతిని రూపొందించిరి. 1992 మార్చి 11వ తేదీన బోరెన్‌స్టైన్ తన పాటకుల బృందపు ఫొటోను, వారి పాటను ఉత్తరముతో జతచేసి పంపెను. ఇందులోని కిటుకు తేలికైనది. ఫైలులోని ప్రతి మూడు అంకె ముక్కలను నాలుగు అక్షరములుగా మార్చుదురు. అక్షరములనే మోయ నేర్చిన ఉత్తరము వానిని మామూలు వ్రాతయనుకొని మోసికొనిపోవును. ఫలితముగా బరువు మూడవ వంతు పెరుగును. పదిమందికి పంపిన పది ప్రతులు. పెద్ద ఫైలును తపాలా పెట్టె నిరాకరించును. అందుచేత జనులు ఫైళ్లను చిన్న నిలువ పరికరములలో జేబున వేసికొని తిరిగిరి. వానిని మఱచిపోవుటయు కలదు. డ్రూ హ్యూస్టన్ అను యువకుడు బోస్టను నుండి న్యూయార్కునకు పోవు బస్సులో కూర్చుండి, తన పరికరమును మఱచి వచ్చినట్లు తెలిసికొని, విసుగుతో ఒక సాఫ్ట్‌వేరు వ్రాయ నారంభించెనని చెప్పియున్నాడు. 2007లో అతడును అరాష్ ఫెర్దౌసీయు స్థాపించిన డ్రాప్‌బాక్సు సంస్థకు అదియే మూలము.

ఇచటనే మనము మొదట చెప్పుకొన్న మలుపు వచ్చుచున్నది. ఫైలును అందఱికిని మోసికొనిపోవుట యెందుకు? ఒకచోట నుంచి, ఆ చోటి చిరునామాను మాత్రము పంపిన చాలదా? జెనీవా దాపుననున్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ నిర్మించి, 1991లో లోకమునకు అందించిన వెబ్బు ప్రతి పత్రమునకును ఒక చిరునామా నిచ్చియే యున్నది. దీనిని ఆధారముగా గొని తెరపటములను పంపు చిన్న చిన్న సాధనములు బయలుదేరినవి. జపానులో తోషియుకి మసుయి గ్యాజో అను సాధనమును నిర్మించెను. 2009లో అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయ విద్యార్థి యలన్ షాఫ్, బొమ్మలను సులువుగా నెక్కించుటకు ఇమ్గర్ అను స్థలమును నెలకొల్పెను.

ఇట్టి సాధనమును నిర్మించువారు చేయు పనులు అయిదు. తెరలో కావలసిన భాగమును ఎంచుకొననిచ్చుట. దానిని ఫైలుగా మడచుట. దూరముననున్న సర్వరనెడి కంప్యూటరునకు పంపుట. సర్వరు దానికి ఎవరును పెట్టని కొత్త పేరు పెట్టుట. ఆ పేరితో కూడిన చిరునామాను పంపినవాని చేతికి తిరిగి ఇచ్చుట. వ్రాయ నేర్చినవారు ఇంతమాత్రము పనిని ఒకటి రెండు దినములలో చేయగలరు. కష్టమంతయు తరువాత వచ్చును. కసెల్లి కాలమున నడుమ తీగ తప్ప మఱేమియు లేదంటిమి. ఇపుడు నడుమ ఒక యిల్లు వెలసినది. మన బొమ్మ ఆ యింటిలో నున్నది. కనుక మూడు ప్రశ్నలు పుట్టుచున్నవి.

మొదటి ప్రశ్న: ఆ యింటి తలుపు ఎవరికి తెఱవబడును? చాలచోట్ల చిరునామాయే తాళపుచెవి. అది తెలిసినవాడెల్ల లోనికి రాగలడు. చిరునామా పొట్టిగా నున్న పంపుటకు సుఖము. ఇంగ్లీషులోని పెద్ద, చిన్న అక్షరములను, అంకెలను కలిపిన 62 గుర్తులు. వానిలో అయిదింటితో పేరు కూర్చిన సుమారు 91 కోట్ల 61 లక్షల పేర్లు వచ్చును. ఆఱింటితో కూర్చిన సుమారు 5,680 కోట్లు. ఎవరు ఊహింపగలరని మనకు తోచును. కాని ఊహించునది మనుష్యుడు గాదు, యంత్రము. 2016లో కార్నెల్ టెక్ పరిశోధకులు ఇట్టి పొట్టి చిరునామాలను యంత్రముచే వరుసగా పరీక్షింపజేసి, పరుల సొంత ఫైళ్లు అనేకము బయటపడునని నిరూపించిరి. పొట్టి చిరునామా గుమ్మము పైన దాచిన తాళపుచెవి వంటిది. దొంగకు వెదుకుట కొంత ఆలస్యమగును, అంతియే.

రెండవ ప్రశ్న: మనము పంపితిమనుకొన్నదియే పోయినదా? 2023 మార్చిలో సైమన్ ఆరన్స్, డేవిడ్ బుకానన్ అనువారు ఒక వింత దోషమును ప్రకటించిరి. గూగుల్ పిక్సెల్ ఫోనులలో తెరపటమును కత్తిరించినపుడు, కొత్త చిన్న ఫైలు పాత పెద్ద ఫైలుపైననే వ్రాయబడుచుండెను; పాతదాని తోక కోయబడక అట్లే మిగులుచుండెను. కంటికి కత్తిరించిన బొమ్మయే కనబడును. నేర్పరియైనవాడు ఆ తోకనుండి కత్తిరింపబడిన భాగమును చాలవఱకు తిరిగి తీయగలడు. బ్యాంకు కార్డు అంకెను కత్తిరించితినని నమ్మి పంపినవాని గతి ఊహింపుడు. అట్టి దోషమే కొలది దినములలో విండోస్ 11 సాధనములో గూడ బయటపడినది. రెంటిని తరువాత సవరించిరి. కాని అంతకుముందు పంచిపెట్టిన బొమ్మలను వెనుకకు పిలుచువారెవరు?

మూడవ ప్రశ్న: ఆ యిల్లు ఎంతకాలము నిలుచును? 2012 జనవరి 19వ తేదీన అమెరికా ప్రభుత్వము గ్రంథస్వామ్య చౌర్యము ఆరోపించి మెగాఅప్‌లోడ్ అను పెద్ద ఫైళ్ల స్థలమును మూయించెను. చౌర్యముతో సంబంధము లేనివారు దాచుకొన్న సొంత ఫైళ్లు గూడ ఆ తలుపుల వెనుకనే చిక్కుకొన్నవి. 2023లో ఇమ్గర్ సంస్థ, ఖాతాలతో సంబంధము లేక చాలకాలముగా వాడుకలో లేని పాత బొమ్మలను మే 15వ తేదీనుండి తొలగింతుమని ప్రకటించెను. వానిని నమ్మి వ్రాసిన పాత పాఠములు, పరిష్కారములు ఎన్నియో ఉన్నవి. బొమ్మ పోయినచోట చిరునామా మాత్రము మిగులును. ఊరు మునిగిపోయిన తరువాత ఆ యూరికి దారి చూపు రాతికి ఏమి విలువ?

ఈ మూడు ప్రశ్నలకు ఉపాయములు లేకపోలేదు. చిరునామాను దీర్ఘముగా, ఊహింప నలవి కానట్లుగా చేయవచ్చును. ఇన్ని దినములకు ఈ బొమ్మ తనంత తానే పోవలెనని గడువు పెట్టవచ్చును. పంపకముందే బొమ్మను పంపువాని యంత్రములోనే సంకేతలిపిగా మార్చి, నడుమ యింటివానికి గూడ అర్థము కాకుండ చేయవచ్చును. మంచి నిర్మాతలు ఇవన్నియు చేయుచున్నారు. అయినను ఏ నిర్మాతయు చేయజాలని పని యొకటి మన వంతుగా మిగిలియున్నది.

కసెల్లి కాలమున సంతకము పంపదలచిన వర్తకుడు కార్యాలయమునకు నడచి, రేకుపై స్వహస్తముతో వ్రాసి, రుసుము చెల్లించి, వేచియుండవలసి వచ్చెను. ఆ ఆలస్యములో ‘ఇది పంపదగినదా?’ అని తలచుకొనుటకు కావలసినంత వ్యవధి యుండెను. చరిత్ర ఆ వ్యవధిని కొంచెము కొంచెముగా తఱిగి కొలది సెకండ్లకు తెచ్చినది. యంత్రములు తీసివేసిన వ్యవధిని మనము మరల కల్పించుకొనవలెను. ఆధారు కార్డును, బ్యాంకు పుటను, బిడ్డ ఫొటోను పంపుటకు ముందు ఒక్కమారు ఊపిరి పీల్చి, ‘దీనిని నేను పంపుచున్నానా, లేక పరుల యింట దాచుచున్నానా?’ అని ప్రశ్నించుకొనుట చాలును. నిలువదగిన వస్తువైనచో దాని ప్రతి యొకటి మన యింటనే యుంచుకొనవలెను. నిలువదగనిదైనచో గడువు పెట్టి పంపవలెను. బెయిన్ రెండు లోలకములను ఒకే లయలో నడపుటకు యత్నించెను. చేతి వేగమును మనస్సు వేగమును ఒకే లయలో నడపుకొనుట మాత్రము ఏ యంత్రమునకును అప్పగింపరాని పని.